కూజా చల్లబడని ఊరు

మేం అనంతపురంలో ఉన్నన్నాళ్లూ ఎండాకాలం కూజా నీళ్లు పళ్లు జివ్వుమనేలా ఉండేవి. మచిలీపట్నం మారాక అదే కూజాలో నీళ్లు చల్లబడ్డాయంటే చల్లబడ్డాయి, అంతే. కూజాకు వయసైపోయిందని అమ్మ తేల్చేసింది. పాపం, అది మాత్రం ఏం చేస్తుంది?

కూజా పైకి ఊరిన చెమ్మ ఆవిరి కావాలంటే గ్రాముకు సుమారు 580 కేలరీల వేడి కావాలి. దాన్ని లోపలి నీళ్ల నుంచి లాక్కుంటుంది. సీమలోని పొడిగాలి ఎంత ఆవిరైనా తాగేస్తుంది. సముద్రం మీంచి వచ్చే గాలికి అప్పటికే కడుపు నిండి ఉంటుంది. మన ఒళ్లూ కూజా లాంటిదే. చెమట కారితే చాలదు, ఆరాలి.

అందుకే థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి కూడా కొలుస్తారు. 43 డిగ్రీల ఎండలో తేమ 15 శాతమే ఉంటే ఈ తడిగుడ్డ కొలత 23 దగ్గర ఆగుతుంది. 38 డిగ్రీలే ఉండి తేమ 60 శాతమైతే 31కి చేరుతుంది. 35 దాటితే మనిషి తట్టుకోలేడని 2010లో లెక్కగట్టారు. 2022లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఆరోగ్యంగా ఉన్న కుర్రకారు మీద పరీక్షిస్తే 31 దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పింది. ఇక ముసలివాళ్ల మాట చెప్పాలా?

ఈ తడిగుడ్డ కొలతను పైకి నెడుతున్నదీ మనమే. బొగ్గు, పెట్రోలు తగలబెట్టీ అడవులు నరికీ గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను పది లక్షల పాళ్లలో 280 నుంచి 420 పైకి తెచ్చాం. అది నేల వదిలే వేడిని పట్టేస్తుంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. పక్కనే బంగాళాఖాతం ఉండగా ఆవిరికి కరువా! ఆ ఆవిరి కూడా వేడిని పట్టి ఉంచేదే. దాంతో ఉక్కపోత రాత్రికీ వదలదు.

రాత్రి వేడి వరికీ పడదు. పగలు కూడబెట్టిన పిండిని మొక్క ఊపిరికే ఎక్కువగా ఖర్చు పెట్టేస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో, ఎండాకాలపు పంటకు రాత్రి ఉష్ణోగ్రత డిగ్రీ పెరిగినప్పుడల్లా దిగుబడి 10 శాతం తగ్గిందని 2004లో తేలింది.

గేదెకు చెమట గ్రంథులు తక్కువ, పైగా నల్ల తోలు. చెరువులో నీళ్లుంటే మునిగి గట్టెక్కుతుంది. కోడికి అసలు చెమటే పట్టదు. నోరు తెరుచుకుని రొప్పడమే దాని కూజా. ఉక్క పోసే రోజున అదీ సరిగా పనిచేయదు. షెడ్డులో ఫ్యాన్లు ఆగిపోతే కోళ్లు గుట్టలుగా చచ్చిపడేది అలాంటి రోజుల్లోనే.

అమ్మ చివరికి కూజాను వీధి అరుగు మీదికి మార్చింది. గాలి వీచినప్పుడు కాస్త నయం.