ఊపిరి నిలిపే చదువు.. పల్లెకు తెలియని కొలువు

అవనిగడ్డ: కట్లపాము కరిస్తే పెద్దగా నొప్పి ఉండదు, వాపు రాదు. రాత్రి నేలమీద పడుకున్న మనిషికి కరిచిన సంగతే తెలియకపోవచ్చు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. మాట ముద్దగా వస్తుంది. చివరకు ఊపిరి ఆడించే కండరాలు పడిపోతాయి. విషానికి విరుగుడు మందు ఇస్తూ, కొన్నాళ్లు యంత్రంతో ఊపిరి అందిస్తే ఆ మనిషి లేచి ఇంటికి నడిచి వెళ్లగలడు. అందకపోతే దక్కడు. 2018 వర్షాకాలంలో పాముకాట్లతో తల్లడిల్లిన దివిసీమ వాసులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఆ యంత్రమే వెంటిలేటరు. డాక్టరు సూచన మేరకు దానిని అమర్చి, రేయింబవళ్లు కనిపెట్టి ఉండేవారు రెస్పిరేటరీ థెరపిస్టులు. ఈ పనికి ప్రత్యేకంగా డిగ్రీ చదువు ఉన్నదని మన పల్లెల్లో బైపీసీ పిల్లలు చాలామందికి తెలియదు. డాక్టరు సీటు రాకపోతే నర్సింగు, అదీ రాకపోతే మామూలు డిగ్రీ అన్న లెక్కే నడుస్తోంది.

నాలుగేళ్ల శిక్షణ

ఇంటర్ బైపీసీ పాసైనవారు బి.యస్సీ. రెస్పిరేటరీ థెరపీలో చేరవచ్చు. మూడేళ్లు చదువు, ఒక ఏడాది ఆస్పత్రిలో శిక్షణ. శరీర నిర్మాణంతో మొదలుపెట్టి ఊపిరితిత్తుల జబ్బులు, ఆక్సిజన్ మోతాదు, నెబ్యులైజరు, వెంటిలేటరు వరకు నేర్పుతారు. ధమని నుంచి తీసిన రక్తాన్ని పరీక్షించి అర్థం చేసుకోవడం ముఖ్యమైన పాఠం. ఆ రక్తంలో పి.హెచ్. 7.35 నుంచి 7.45 మధ్య ఉండాలి. తప్పితే కారణం వెదకాలి.

ఆక్సిజన్ ఎంత ఎక్కువ ఇస్తే అంత మేలనుకోవడం పొరపాటు. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చో, చుట్టలు కాల్చో ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి సాధారణంగా 88 నుంచి 92 శాతం మధ్య నిలిపితే చాలు. అంతకు మించితే కీడు జరగవచ్చు. నెలలు నిండని పసికందులకు, పురుగుమందు ఒంట్లోకి పోయిన రైతులకు కూడా వీరి సేవ అవసరమే.

నవ్విన ఊరే..

ఈ ప్రాంతపు కౌలురైతు కుమార్తె ఒకరు ఈ కోర్సు పూర్తి చేసి నగరంలో పనిచేస్తున్నారు. ఆమె చేరినప్పుడు సిలిండర్లు మార్చడానికి కూడా చదువు కావాలా అని ఊళ్లో నవ్వారట. 2021లో కరోనా రెండో దఫా విరుచుకుపడి ఆక్సిజన్ కోసం జనం పరుగులు తీసినప్పుడు, ఆ నవ్విన వారే ఆమెకు ఫోన్లు చేశారు. ఇంటికి దగ్గరలో ఉద్యోగం దొరికితే వచ్చేస్తానని ఆమె అంటున్నారు.

చేరేముందు జాగ్రత్త

కొద్ది నెలల్లో సర్టిఫికెట్ ఇస్తామనే ప్రకటనలు నమ్మి డబ్బు కట్టరాదు. కళాశాలకు ఆరోగ్య విశ్వవిద్యాలయం గుర్తింపు ఉన్నదో లేదో, శిక్షణకు సొంత ఆస్పత్రి, ఐ.సి.యు. ఉన్నాయో లేవో స్వయంగా వెళ్లి చూసుకోవాలి. ఈ వృత్తుల విద్యను, రిజిస్ట్రేషన్‌ను క్రమబద్ధం చేసేందుకు కేంద్రం 2021లో చట్టం తెచ్చింది.

యంత్రాలు కొన్నంత మాత్రాన ప్రాణాలు నిలవవు. వాటిని నడిపే చేతులు కావాలి. పాము కరిచిన మనిషిని నగరానికి మోసుకుపోయేలోపే పుణ్యకాలం దాటిపోతోంది. నగరాల్లో పనిచేస్తున్న మన పిల్లలకు ఇక్కడి ఆస్పత్రులలోనే కొలువులు కల్పించాలని ఈ ప్రాంత ప్రజలు కోరుతున్నారు.