గాయంలోంచి పరిమళం

ఒమన్ దేశపు దక్షిణాన ధోఫార్ ప్రాంతంలో సలాలా అనే పట్టణముంది. అక్కడ పనులు చేసుకుంటున్న తెలుగు సోదరుల ప్రార్థనకూటానికి వెళ్లినప్పుడు బజారు చూశాం. అంగళ్ల ముందు మట్టి ధూపపాత్రల్లో నిప్పుల మీద సువాసన పొగలు లేస్తున్నాయి. అరబ్బులు దాన్ని 'లుబాన్' అంటారు. బేత్లెహేములో జ్ఞానులు బాలయేసుకు అర్పించిన సాంబ్రాణి (మత్తయి 2:11) ఈ జాతి బంకే. మన కొట్లలో సాంబ్రాణి పేరుతో అమ్మేది చాలావరకు వేరే చెట్టుది. ధూపం మనకెందుకులే అని మేము కొనకుండానే వచ్చేశాం.

మర్నాడు ఎడారి అంచున ఉన్న వాదీ దౌకాకు వెళ్లాం. 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన స్థలాల్లో అదొకటి. రాళ్ల నేలలో వంకరటింకర పొట్టి చెట్లు. ఉలిలాంటి పనిముట్టుతో వాటి బెరడును గీస్తారు. పాలలాంటి ద్రవం బొట్లుబొట్లుగా కారి, సుమారు రెండు వారాల్లో గట్టిపడుతుంది. మొదటి గాటుకు వచ్చిన బంకకు అంత విలువ లేదు. మళ్లీ మళ్లీ గీశాకే మేలిరకం వస్తుంది. అలాగని హద్దుమీరి గీస్తే చెట్టే చచ్చిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు చెట్టుకు విశ్రాంతినిస్తారు.

మాతో వచ్చిన ఒక సోదరుడు ఆ గాట్లను తడుముతూ నిలబడిపోయాడు. తల్లి చనిపోతే సెలవు దొరక్క ఊరికి వెళ్లలేకపోయాడట. "అయ్యగారూ, దేవుడు నన్నూ ఇలాగే గీస్తున్నాడా?" అన్నాడు. మాకు జవాబు తోచలేదు. మౌనంగా అతని చెయ్యి పట్టుకున్నాం.

ఆ సాయంత్రం కూటంలో, ఇంటి దగ్గర భార్యకు జబ్బుచేసిందని ఓ కుర్రాడు ఏడ్చాడు. అందరికంటే ముందు లేచి అతని భుజంమీద చెయ్యివేసి ప్రార్థించింది ఆ సోదరుడే. అంత ఆర్ద్రమైన ప్రార్థన మేము చాలాకాలంగా వినలేదు. గాయపడనివారికి ఆ మాటలు రావు.

తన ప్రార్థన ధూపంలా దేవుని సన్నిధికి చేరాలని దావీదు కోరుకున్నాడు (కీర్తన 141:2). ఆలయ ధూపాన్ని ఎవరూ తమ సంతోషంకోసం చేసుకోకూడదని మోషే ధర్మశాస్త్రం శాసించింది (నిర్గమ 30:37,38). పరిమళం మనకోసం కాదు, దేవునికోసం, పొరుగువారికోసం. ప్రతి గాయమూ దేవుడు చేసిందేనని మేము అనలేం. కాని ఆయన చేతికప్పగించిన ఏ గాయమూ వృథా కాదని ఆ రాత్రి కళ్లారా చూశాం.

తిరిగొచ్చేముందు గుప్పెడు లుబాన్ కొన్నాం. దాన్ని చూసినప్పుడల్లా ఆ సోదరుడికోసం ప్రార్థిస్తున్నాం.