మీకు తెలుసా? ఇప్పచెట్టు కింద నిప్పు, పొరుగు రాష్ట్రంలో పొగ

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఇప్పపూలు రాలతాయి. ఎండుటాకుల మధ్య పూలేరడం కష్టం కాబట్టి చెట్టు కింద నిప్పు పెట్టడం పాత అలవాటు. ఆర్పకుండా వదిలేస్తే అది అడవికి పాకుతుంది.

తెలుగు రైల్వే కుటుంబాలు తరాలుగా స్థిరపడిన బిలాస్‌పూర్‌కు వాయవ్యాన అచానక్‌మార్ పులుల అభయారణ్యం ఉంది. 2005లో ప్రకటించిన అచానక్‌మార్-అమర్‌కంటక్ జీవావరణ రక్షిత ప్రాంతం మధ్యప్రదేశ్‌లోకీ విస్తరించింది. పొగకు సరిహద్దు రాయి కనిపించదు కదా!

ఈ చిక్కు దేశాల మధ్యా ఉంది. ఇండోనేషియా మంటల పొగ 1997లో మలేషియా, సింగపూర్‌లను కమ్మేసింది. మలేషియాలోని తెలుగువారూ ఆ గాలే పీల్చారు. 2002లో ఆసియాన్ దేశాలు కౌలాలంపూర్‌లో పొగ నివారణ ఒప్పందంపై సంతకాలు చేశాయి, 2003లో అది అమల్లోకొచ్చింది. మంటలకు మూలమైన ఇండోనేషియా పార్లమెంటు మాత్రం 2014లో గానీ ఆమోదించలేదు! మరుసటి ఏడాదే పొగ మళ్లీ విరుచుకుపడి మలేషియాలో బడులు మూతపడ్డాయి. ఆలస్యంగా వచ్చిన ఆమోదం, అందులోనూ శిక్షలు లేని ఒప్పందం, మంటల్ని ఆపలేకపోయింది.

దక్షిణాసియాకు సరిహద్దులు దాటే గాలి కాలుష్యంపై 1998 నాటి మాలే ప్రకటన ఉంది. అందులో భారత్ కూడా భాగస్వామే, కానీ దానికి దేశాలు చట్టపరంగా కట్టుబడి ఉండాల్సిన పని లేదు.

మన అడవుల మీద ఉపగ్రహాల నిఘా ఉంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ వెబ్‌సైట్‌లో నమోదు చేసుకుంటే మంటల హెచ్చరికలు ఫోన్‌కే వస్తాయి. అడవి అంచున ఉండే పాఠకులు ఆ పని ఇప్పపూల కాలానికి ముందే చేసుకోవాలి.