తాతయ్య వాచీ... మనవరాలి చేతికి

సముద్రాలు దాటి వచ్చిన మన ఇళ్లల్లో ఊరి నుంచి తెచ్చుకున్న వస్తువులు కొన్ని తప్పకుండా ఉంటాయి. పూజ గదిలో ఇత్తడి కుందులు, వంటింట్లో అమ్మమ్మ వాడిన ఆవకాయ జాడీ, అల్మరాలో నాయనమ్మ పట్టుచీర. వాటితో పాటే చాలామంది ఇళ్లల్లో సొరుగు అడుగున, పాత పాస్‌పోర్టుల పక్కన ఇంకొకటి ఉంటుంది. ఆగిపోయిన చేతి గడియారం! పారేయడానికి మనసొప్పదు. పెట్టుకుందామంటే నడవదు. 'ఎప్పుడో బాగు చేయిద్దాంలే' అనుకుంటుండగానే పదేళ్లు గడిచిపోతాయి.

న్యూజెర్సీలోని మా ఇంట్లోనూ అలాంటి వాచీ ఒకటి ఉంది. దాన్ని బాగు చేయించి, ఈ ఏడాది హైస్కూలు పూర్తి చేసిన మా అమ్మాయికి ఇచ్చాం. ఆ పనిలో మేం తెలుసుకున్న సంగతులు అలాంటి వాచీ ఉన్నవాళ్లకి పనికొస్తాయని రాస్తున్నాం.

కీ ఇచ్చిన రోజులు

మనవాళ్ల సొరుగుల్లో దొరికే వాచీల్లో ఎక్కువ భాగం హెచ్ఎంటీవే. జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో ఈ వాచీల ఫ్యాక్టరీ మొదలైంది. తొలి వాచీలను అప్పటి ప్రధాని నెహ్రూ విడుదల చేశారు. జనతా, పైలట్, సోనా, కోహినూర్, కాంచన్... పేర్లు వింటేనే ఎవరో ఒక మాస్టారో, బాబాయో గుర్తుకు రావడం లేదూ? ఎస్సెస్సెల్సీ పాసైతే వాచీ. ఉద్యోగం వస్తే వాచీ. పెళ్లయితే అల్లుడికి వాచీ. రిటైరైన రోజున శాలువాతో పాటు మళ్లీ వాచీ!

ఆ పేరుకున్న మోజు ఎంతటిదంటే, మహారాష్ట్రలోని చంద్రాపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రాగడే తన పొలంలో ఎంపిక చేసి పెంచిన సన్నరకం వరికి కూడా ఈ వాచీ పేరే వచ్చింది. మన తెలంగాణ ఇళ్లల్లో ఇష్టంగా వండుకునే హెచ్ఎంటీ బియ్యం అదే.

తర్వాత బ్యాటరీ వాచీలు వచ్చాయి. టైటాన్ వచ్చింది. రోజూ కీ ఇచ్చే ఓపిక జనానికి తగ్గింది. చివరికి 2016లో హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసేయడానికి కేంద్రం ఆమోదం తెలిపింది. కాబట్టి మీ దగ్గరున్న వాచీకి కంపెనీ నుంచి కొత్త విడిభాగాలు వస్తాయని ఆశ పెట్టుకోకండి. అలాగని నిరాశ పడాల్సిన పనీ లేదు. అది ముందు ముందు చెబుతాం.

డయల్ మీద ఉప్పెన మరక

మా వాచీ హెచ్ఎంటీ జనతా. తాతయ్య దివిసీమలో బడిపంతులు. 1975లో జీతంలో కొంత కొంత దాచి దాన్ని కొనుక్కున్నారు. బడిలో గంట ఆ వాచీ చూసే కొట్టించేవారట.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. వేలమంది పోయారు. ఆ రాత్రి తాతయ్య చేతికి ఈ వాచీ ఉంది. ఉప్పునీళ్లు లోపలికి పోయి ఆగిపోయింది. దారులు బాగుపడగానే బెజవాడ తీసుకెళ్తే, రిపేరు చేసే ఆయన భాగాలన్నీ ఊడదీసి, పెట్రోలులో కడిగి, తుడిచి మళ్లీ బిగించాడట. వాచీ నడిచింది గానీ డయల్ మీద నాలుగు అంకె దగ్గర గోధుమరంగు మరక మిగిలిపోయింది. తాతయ్య ఇంకో ముప్పై ఏళ్లు ఆ మరకతోనే వాచీ పెట్టుకున్నారు. ఆ రాత్రి గురించి మాత్రం ఎవరు అడిగినా పెద్దగా మాట్లాడేవారు కాదు.

కొత్తదానిలా చేయించొద్దు!

కిందటేడు ఇండియా వెళ్లినప్పుడు ఒక షాపులో చూపించాం. 'డయల్ మార్చేసి, కేసు పాలిష్ కొట్టి కొత్తదానిలా చేసిస్తా సార్, రెండ్రోజులు చాలు' అన్నాడాయన. చవక కూడా. మాకూ బాగానే అనిపించింది. నాయనమ్మ మాత్రం వాచీ చేతిలోకి తీసుకుని, 'కొత్తదే కావాలంటే కొత్తదే కొనివ్వండి. దీన్నెందుకు చెరపటం?' అంది. అక్కడితో ఆ బేరం ఆగిపోయింది.

తర్వాత తెలిసింది, ఆవిడ మాటే నిజమని. పాత వాచీల అమ్మకాల్లో తళతళలాడుతూ కనిపించేవాటిలో చాలావాటికి డయళ్లు మళ్లీ రంగు వేసినవే. ఒక వాచీ కేసులో మరో వాచీ మెషీను, ఇంకో వాచీ ముళ్లు బిగించినవీ ఉంటాయి. తెలిసినవాళ్ల లెక్కలో అసలు డయల్ పోయిన వాచీకి విలువ తగ్గుతుంది. ఇంటివాళ్ల లెక్కలో అయితే ఆ మనిషి గుర్తే పోతుంది.

అందుకని మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. నడకకు అవసరమైనది మార్చాలి. కంటికి గుర్తుగా ఉన్నది వదిలేయాలి. దాని ప్రకారం చేయించిన పనులు ఇవి:

* మెషీను పూర్తిగా విప్పి శుభ్రం చేసి కొత్త నూనె వేయించడం. ఏళ్ల తరబడి పడి ఉన్న వాచీలో నూనె ఎండి జిగురవుతుంది. అలాగే కీ ఇచ్చి నడిపిస్తే సన్నటి ఇరుసులు అరిగిపోతాయి. సొరుగులో దొరికిన వాచీకి సరదాగా కీ ఇచ్చి పెట్టుకుని తిరగడం అంత మంచిది కాదు.
* అలసిపోయిన మెయిన్ స్ప్రింగ్ మార్చడం.
* గీతలు పడి మసకబారిన అద్దం మార్చడం. పాత జనతాలకు ఉండేది ప్లాస్టిక్ అద్దమే. చిన్న గీతలైతే పాలిష్‌తోనే పోతాయి.
* కొత్త తోలు బెల్టు. పాతది పారేయలేదు, కవరులో పెట్టి దాచాం.

డయల్, ముళ్లు, కేసు జోలికి పోలేదు. పాత వాచీలు చాలావాటికి కేసు ఇత్తడిదే, పైన పూత మాత్రమే ఉంటుంది. మెషీను మీద గట్టిగా పాలిష్ పట్టిస్తే పూత పోయి ఇత్తడి బయటపడుతుంది.

రేడియంతో జాగ్రత్త

చీకట్లో మెరిసే ప్రతిదాన్నీ మనం రేడియం అనేస్తాం. స్కూటరు స్టిక్కర్లతో సహా! కానీ 1960లకు ముందు తయారైన విదేశీ వాచీల అంకెల మీద నిజంగానే రేడియం రంగు వేసేవారు. ఇప్పుడది మెరవకపోవచ్చు. అయినా అందులో రేడియోధార్మికత మాత్రం ఉంటుంది. రేడియం సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది మరి. ముత్తాతగారి స్విస్ వాచీ లాంటిది మీ దగ్గర ఉంటే వెనక మూత మీరు తీయకండి. రంగు గోకకండి. ఆ పొడి లోపలికి పీల్చడమే ప్రమాదం. రిపేరుకు ఇచ్చేటప్పుడు ఆ సంగతి ముందే చెప్పండి.

ఇక్కడ చేసేవాళ్లు ఉన్నారా?

ఉన్నారు. కాస్త వెతకాలి. మాల్‌లో బ్యాటరీలు మార్చే కౌంటర్ వేరు, మెషీను విప్పి బిగించగల వాచ్‌మేకర్ వేరు. ఒహాయోలో ఉన్న అమెరికన్ వాచ్‌మేకర్స్ క్లాక్‌మేకర్స్ ఇన్‌స్టిట్యూట్ దగ్గర ఊళ్లవారీగా వాచ్‌మేకర్ల వివరాలు దొరుకుతాయి. వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. మెషీను మొత్తం విప్పి శుభ్రం చేస్తారా? తీసేసిన పాత భాగాలు తిరిగి ఇస్తారా? నడక పరీక్షించి అంకెలు చూపిస్తారా?

మాకు దొరికిన పెద్దాయన ముందే ఒక మాట చెప్పారు. 'ఈ వాచీ ధర కంటే నా కూలి ఎక్కువవుతుంది, ఆలోచించుకోండి' అని. ఆలోచించడానికేముంది? అయితే ఒక చక్రం అరిగిపోయింది. కొత్తది దొరకదు. దానికి మార్గం కూడా ఆయనే చెప్పారు. అదే మోడల్ పాడైన జనతా ఇంకొకటి కొని అందులోంచి చక్రం తీశారు. లక్షల్లో తయారైన వాచీ కావడం ఇక్కడ కలిసొచ్చింది. మీరు ఇండియా నుంచి తెచ్చుకుంటుంటే కొరియర్‌ను నమ్ముకోకండి. చేతికి పెట్టుకునే రండి.

ఇప్పుడది రోజుకు ఇరవై సెకన్లు తేడాగా నడుస్తోంది. పనికిరాదనుకోకండి. గంటకు 18,000 సార్లు, అంటే రోజుకు 4,32,000 సార్లు కొట్టుకునే యంత్రం అది. ఆ వయసుకి ఆ తేడా ఓ లెక్కా?

'ఆడపిల్లకా?'

వాచీ పాపకి ఇస్తున్నామని తెలిసి మేనత్త ఫోన్ చేసింది. 'తాతయ్య వాచీ ఏ మనవడికన్నా ఇవ్వకూడదూ? ఆడపిల్లకెందుకర్రా?' అంది. నిజమే, మన ఇళ్లల్లో నగలు కూతుళ్లకి, వాచీలు కొడుకులకి అన్నది ఎవరూ రాయని రూలు. నాయనమ్మే దానికి జవాబు చెప్పింది. 'బడి మానేసిన ఆడపిల్లల ఇళ్లకి వెళ్లి, బతిమాలి మళ్లీ తీసుకొచ్చేవారు ఆయన. ఉంటే దీని చేతికే పెట్టేవారు' అంది. మేనత్త ఇంకేం మాట్లాడలేదు.

వాచీతో పాటు పాపకి ఒక కాగితం కూడా ఇచ్చాం. రోజూ ఒకే వేళకి కీ ఇవ్వాలి. బిగిసిందనిపించగానే ఆపేయాలి. నీళ్లు తగలనివ్వకూడదు. కొన్నేళ్లకోసారి సర్వీసు చేయించాలి. ఇవి ఒక వైపు. రెండో వైపు నాలుగు అంకె దగ్గరి మరక కథ, నాయనమ్మ చెబుతుంటే మేం రాసింది. తాతయ్య బతికుండగా ఆయన నోటితోనే చెప్పించుకుని ఉంటే అది ఇంకా పెద్ద కథే అయ్యుండేది.

మీ సొరుగులో వాచీ ఉంటే రిపేరు కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు. వాచ్‌మేకర్ వచ్చే ఏడాదీ దొరుకుతాడు. దాని కథ తెలిసిన పెద్దలు ఊళ్లో ఉంటే మాత్రం ఈ ఆదివారమే ఫోన్ చేయండి. ఎక్కడ కొన్నారు, ఎంతకి కొన్నారు, ఆ గీత ఎలా పడింది... అడిగి రాసుకోండి. పిల్లలకి తెలుగు చదవడం రాకపోతే మీరే చదివి వినిపించండి.