మామిడితోట పోషణ

మధ్యధరా సముద్ర తీరవాసుల జీవితంలో ఆలివ్ చెట్టుకు ఉన్న స్థానమే మన కృష్ణా తీరపు మెట్టప్రాంతంలో మామిడిచెట్టుకు ఉంది. తిరువూరు, ఎ.కొండూరు, విస్సన్నపేట, రెడ్డిగూడెం మండలాలలో తరతరాలుగా మామిడితోటలు పెరుగుతున్నాయి. బంగినపల్లి, కలెక్టరు, పెద్దరసం, చిన్నరసం — ఒక్కొక్క రకానిది ఒక్కొక్క రుచి. సంస్కృతంలో మామిడికి రసాలమని పేరు. మిక్కిలి పరిమళించే మామిడిని అమరసింహుడు ప్రత్యేకించి సహకారమన్నాడు. చిన్నరసం రుచి ఎరిగినవారికి ‘రసాలం’ అనే మాటలోని ఔచిత్యాన్ని వేరుగా చెప్పనక్కరలేదు.

ఆలివ్ వలెనే మామిడి కూడా తరచుగా ఒక ఏడు విరగకాసి, మరుసటి ఏడు ముఖం చాటేస్తుంది. కొందరు దీనిని దైవాధీనమని సరిపెట్టుకొంటారు. కారణం చెట్టులోనే ఉంది. మామిడిపూత ముదిరిన రెమ్మల కొసలనుండి వెలువడుతుంది. విస్తారంగా కాసిన చెట్టు కోత ముగిసేసరికి అలసిపోతుంది. తొలకరిలో కొత్త చిగురు వేసి, అది శీతకాలం నాటికి ముదిరితేనే మళ్ళీ పూత. చివరి వానలకు వచ్చిన లేతచిగురు సాధారణంగా పూయదు. కాబట్టి రాబోయే వేసవి కాపునకు పునాది, తోటలో ఒక్క కాయైనా లేని జూన్, జులై నెలలలో పడుతుంది. సరిగ్గా ఆ నెలలలోనే తోటవైపు చూసేవారుండరు!

కోత కాగానే ఎండుకొమ్మలను, తెగులు సోకిన రెమ్మలను తొలగించి, చెట్టు నడుమకు వెలుతురు సోకనివ్వాలి. ఎరువును మొదలు దగ్గర కుప్పపోయకూడదు. పోషకాలను పీల్చే సన్నని వేళ్ళు మొదలుకు దూరంగా, కొమ్మలు పరచుకొన్న మేర విస్తరించి ఉంటాయి. అక్కడ పాదు తీసి, పశువుల ఎరువుతోపాటు నత్రజని, భాస్వరం, పొటాష్‌లను వేయాలి. ఇవి ఒక్కొక్కటి మొదటి ఏడు 100 గ్రాములు. ఏటా అంతే పెంచుతూ పదో ఏటికి కిలో.

వానలు వెనుదిరిగాక కాపుకు వచ్చిన చెట్లకు నీరు ఆపివేయాలి. నీరు పోయడమే సేవ అని నేర్చిన మనకు ఇది వింతగా తోచవచ్చు. ఆ కాలంలో తడి తగిలితే చెట్టు పూయడం మాని చిగురిస్తుంది. పిందె బఠాణీగింజంత అయ్యాకనే మళ్ళీ తడులు. తేనెమంచు పురుగుకూ, బూడిద తెగులుకూ పూత విచ్చుకోకమునుపే మందు చల్లాలి. విచ్చిన పూలపై పురుగుమందు చల్లితే పరాగసంపర్కం జరిపే ఈగలు, తేనెటీగలు నశిస్తాయి.

ఎన్నో తోటలు పూతమీదనో పిందెమీదనో గుత్తకు పోతాయి. గుత్తదారునికి ఆ ఏటి కాయతోనే పని. కాయ కోసుకొని వెళ్ళిపోతాడు. యజమానికి డబ్బు ముట్టింది. తొలకరి నాటికి చెట్టు అనాథ! నాలుగేళ్ళు ఇలా గడిచాక కాపు తగ్గిందని నరికించి, ఆయిల్‌పామ్ నాటినవారూ ఉన్నారు. ముసలి తోటనైనా వేరుతో తొలగించనక్కరలేదు. పెద్దకొమ్మలను తగిన ఎత్తున కోసి, కోతలకు బోర్డోపేస్టు పూసి, మొలిచిన చిగుళ్ళలో బలమైనవాటినే ఉంచితే రెండు మూడేళ్ళకు మళ్ళీ కాపు మొదలవుతుంది.