కంటికి కానరాని గంధకం

నల్లగొండ ప్రాంత ప్రజలకు నీటి విషయంలో ఒక చేదు అనుభవం ఉన్నది. బావిలోని నీరు తేటగానే ఉండేది. కాని అందులోని ఫ్లోరైడు ఏళ్ల తరబడి ఎముకలను వంచి, తరాలను కుంగదీసింది. కంటికి కనిపించనంత మాత్రాన దోషం లేనట్లు కాదని ఆ నేల నేర్పిన పాఠం. డీజిల్‌కు కూడా ఈ పాఠం వర్తిస్తుంది.

నల్లగొండ జిల్లా గుండా విజయవాడ రహదారి, మహబూబ్‌నగర్ జిల్లాలో జడ్చర్ల మీదుగా కర్నూలు రహదారి సాగిపోతాయి. వాటిపై లారీలు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. రోడ్డు పక్కన టీ కొట్టు నడుపుకొనేవారు, పంక్చర్లు వేసేవారు రోజంతా ఆ పొగనే పీలుస్తారు.

ముడిచమురులో గంధకం సహజంగానే ఉంటుంది. శుద్ధి కర్మాగారాలలో హైడ్రోజన్ సహాయంతో దానిని తొలగిస్తారు. మిగిలిపోయిన గంధకం ఇంజనులో మండి సల్ఫర్ డయాక్సైడుగా మారుతుంది. అందులో కొంత సూక్ష్మకణాల రూపం దాల్చి ఊపిరితిత్తులలోకి చేరుతుంది. పైగా పొగను శుద్ధిచేసే పరికరాలను గంధకం పాడుచేస్తుంది. డీజిల్ పొగ మానవులలో క్యాన్సర్‌ను కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది.

2005 ఏప్రిల్‌లో హైదరాబాదుతో సహా 11 నగరాలలో భారత్ స్టేజ్-3 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. అక్కడి డీజిల్‌లో పదిలక్షల భాగాలకు గంధకం 350 భాగాలు మించరాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వంటి తక్కిన ప్రాంతాలలో ఆ పరిమితి 500 భాగాలు. రంగు చూసి, వాసన చూసి ఈ రెండింటినీ వేరుచేయడం ఎవరికీ సాధ్యం కాదు. నగరం వెలుపల నింపుకొన్న డీజిల్ పొగ నగర సరిహద్దు వద్ద ఆగిపోదు కదా!

ఇటువంటి స్థితిలోనే పంపుపై అతికించే లేబుల్ ఉపయోగపడుతుంది. అమెరికాలో 2006లో 15 భాగాల పరిమితి గల డీజిల్ వచ్చినప్పుడు, పాత రకం కూడా కొంతకాలం అమ్మకంలో ఉన్నది. అందువలన ఏ పంపులో ఏ రకం ఉన్నదో తెలిపే లేబుళ్లను అక్కడి ప్రభుత్వం తప్పనిసరి చేసింది. స్వీడన్ 2021లో మరొక అడుగు ముందుకు వేసి, ఇంధనం వాతావరణంపై చూపే ప్రభావాన్ని పంపుల వద్దనే ప్రకటించాలని నిర్దేశించింది. మన దేశంలో గుర్తింపు చిహ్నం వాహనానికి వచ్చింది. డీజిల్ వాహనాలకు నారింజ రంగు, పెట్రోలు వాహనాలకు లేత నీలి రంగు స్టిక్కర్లను సుప్రీంకోర్టు 2018లో ఆమోదించింది.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా భారత్ స్టేజ్-6 అమలులోకి వచ్చి, గంధకం పరిమితి 10 భాగాలకు తగ్గింది. నగరానికి, పల్లెకు మధ్య ఉన్న తేడా తొలగిపోయింది. అయితే సమస్య పూర్తిగా తీరలేదు. పాత ఇంజను మంచి డీజిల్‌తో నడిచినా మసిని వదలుతూనే ఉంటుంది. ఒక లీటరు డీజిల్ మండితే సుమారు 2.6 కిలోల కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. గంధకాన్ని తొలగించినంత మాత్రాన అది తగ్గదు.

కొనే వస్తువు నాణ్యతను తెలుసుకొనే హక్కును వినియోగదారునికి 1986 నాటి చట్టం ఇచ్చింది, 2019 నాటి చట్టం నిలిపింది. లేబుల్ పొగను ఆపలేదు. కాని కంటికి కానరాని దానిని అది అక్షరాలలో చూపుతుంది. తేటనీటిని నమ్మి నష్టపోయిన నేలకు ఆ అక్షరాల విలువ వేరుగా చెప్పనక్కరలేదు.