50 లక్షల నంబరు పేటెంట్

1991 మార్చి 19న అమెరికా పేటెంట్ల లెక్క 50 లక్షలకు చేరింది. ఆ నంబరు దక్కిన ఆవిష్కరణ ఇథనాల్ తయారుచేసే ఒక బాక్టీరియా. దాన్ని మలిచినవారు ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలోని లోనీ ఇంగ్రామ్, టైరెల్ కాన్వే, ఫ్లావియో ఆల్టర్‌థమ్.

చెరకు రసాన్ని ఈస్ట్‌తో పులియబెట్టి ఇథనాల్ తీయడం పాత విద్యే. చిక్కల్లా పిప్పితో, గడ్డితో. వాటిలోని సెల్యులోజ్ విడిపోతే గ్లూకోజ్ వస్తుంది. హెమిసెల్యులోజ్ నుంచి ఎక్కువగా జైలోజ్ వస్తుంది. ఈ జైలోజ్‌ను మామూలు ఈస్ట్ పులియబెట్టలేదు. మొక్క కూడబెట్టిన చక్కెరలో అంత వాటా వృథా కావడం బాధాకరమే.

మన పేగుల్లో బతికే ఇ.కోలై అనే బాక్టీరియా ఈ రెండు చక్కెరలనూ తింటుంది. కానీ ఆక్సిజన్ అందనప్పుడు ఎక్కువగా ఆమ్లాలే తయారుచేస్తుంది. కల్లును పొంగించే సూక్ష్మజీవుల్లో ఒకటైన జైమోమొనాస్ తీరు వేరు. తినేవి కొద్ది రకాల చక్కెరలే, తిన్నదాన్ని మాత్రం దాదాపుగా ఆల్కహాల్‌గానే మారుస్తుంది.

దాని జన్యువులు రెండింటిని ఇంగ్రామ్ బృందం ఇ.కోలైలో చేర్చి, ఫలితాన్ని 1987లో ప్రకటించింది. కణంలో చక్కెర విరిగి పైరువేట్ అయ్యాక దారులు చీలతాయి. కొత్త జన్యువులు తయారుచేసే రెండు ఎంజైమ్‌లలో మొదటిది పైరువేట్‌లోంచి కార్బన్ డయాక్సైడ్‌ను ఊడదీసి ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది, రెండోది దాన్ని ఇథనాల్ చేస్తుంది. మొదటి ఎంజైమ్‌కు పైరువేట్‌పై ఎంత పట్టంటే, ఆమ్లాల వైపు వెళ్లేది స్వల్పం. పాత కాలువలు పూడ్చకుండానే, పక్కన మరింత లోతైన కాలువ తవ్వి నీటిని మళ్లించినట్టు. ఈ ఆలోచనలోని అందం నన్ను ఇప్పటికీ ముగ్ధుణ్ణి చేస్తుంది.

మొదట ఆ జన్యువులు ప్లాస్మిడ్ అనే విడి డీఎన్ఏ వలయంపై ఉండేవి. కణాలు విభజన చెందుతూ పోతే అవి జారిపోయే ప్రమాదం ఉంది. అందుకే 1991లో వెల్లడించిన కేఓ11 రకంలో వాటిని క్రోమోజోమ్‌లోనే పొదిగారు. గ్రాము జైలోజ్ నుంచి గరిష్ఠంగా 0.51 గ్రాముల ఇథనాల్ రావచ్చని రసాయనశాస్త్రం లెక్క. కేఓ11 ప్రయోగశాలలో ఆ హద్దు దగ్గరికి వెళ్లింది.

ప్రయోగశాల దాటాక కష్టాలు మొదలు. గడ్డిని ఆమ్లంలో ఉడికిస్తే చక్కెరతో పాటు ఫర్‌ఫ్యూరాల్ అనే విషం పుట్టి సూక్ష్మజీవి ఎదుగుదలను ఆపేస్తుంది. ఇది ఎందుకన్నది 2009లో అదే బృందం విప్పింది. ఫర్‌ఫ్యూరాల్‌ను విరుగుడు చేయబోయి ఇ.కోలై తన ఎదుగుదలకు కావలసిన ఎన్ఏడీపీహెచ్ అనే సహాయక అణువును ఖర్చు చేసేస్తోంది. ఆ ఖర్చుకు కారణమైన ఒక జన్యువును పనిచేయకుండా చేస్తే, బాక్టీరియా ఫర్‌ఫ్యూరాల్‌ను మునుపటికన్నా బాగా తట్టుకుంది.